అడవిలో నడచు విద్య: లువాంగ్వా లోయ, శేషాచలము

నడక యనునది బడిలో నేర్పనక్కఱలేని విద్య యని మనము తలంతుము. ఊరి వీథిలో నడచుటకు ఆ మాట చెల్లును. అడవిలో నడచుటకు మాత్రము వేఱొక శిక్షణము కావలెను. ఊరిలో దారి మనది. అడవిలో దారి మృగములది. పిలువని పేరంటమునకు పోయినవాడు ఎంత ఒదిగి యుండవలెనో, అడవిలో అడుగుపెట్టిన మనుష్యుడును అంత ఒదిగి యుండవలెను.

ఈ ప్రాంతపు విద్యార్థులకు ఈ విద్య వేడుకకొఱకు కాదు, అవసరము కొఱకు. శేషాచలపు కొండల నీడలో మీరు పెరుగుచున్నారు. మీలో పెక్కండ్రు అలిపిరి మెట్ల మీదనో, శ్రీవారి మెట్టు మీదనో కొండ నెక్కినవారు, లేదా ఎక్కువారితో పరిచయము గలవారు. ఆ రెండు దారులును అడవి నడుమనే సాగును. ఆఫ్రికా ఖండమున మృగములతో నిండిన అడవులలో మనుష్యులు దారి చూపువానితో కూడి కాలినడకను సంచరించు పద్ధతి యొకటి కలదు. ఆ పద్ధతి యెట్టిదో, దానినుండి మనము నేర్చుకొనదగిన దేమో ఈ పాఠమున విచారింతము.

1. సఫారీ యనగా నేమి?

సఫారీ యనునది తూర్పు ఆఫ్రికాలో వాడుకలో నున్న స్వాహిలీ భాషాపదము. దానికి ప్రయాణ మని యర్థము. అరబ్బీ భాషలోని సఫర్ అను మాట దానికి మూలము. ఉర్దూ తెలిసిన మీ మిత్రుల నడిగినచో, ప్రయాణమునకు వారును ఆ మాటనే వాడుదురని చెప్పుదురు. ఒక్క అరబ్బీ మాట ఒకవైపు ఆఫ్రికా అడవులకును, మఱియొకవైపు మన వీథులకును చేరినది.

మొదట సఫారీ యన్నది వర్తకుల ప్రయాణము. పిమ్మట అది వేటగాండ్ర ప్రయాణ మయ్యెను. 1909లో అమెరికా దేశపు మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు తూర్పు ఆఫ్రికాకు పోయి, ప్రదర్శనశాల నిమిత్తమై వేలకొలది జంతువులను చంపి సేకరించి పంపెను. ఆ కాలమున సఫారీ ఫలితమును కొమ్ములతోను తోళ్లతోను లెక్కపెట్టెడివారు. కాలక్రమమున తుపాకి స్థానమును కెమేరా ఆక్రమించినది. అయినను పెక్కుచోట్ల జనులు మోటారుబండిలో కూర్చుండియే మృగములను చూచుచున్నారు. బండి దిగి, నేల మీద పాదము మోపి చూచు పద్ధతి మఱి కొంతకాలమునకు గాని రాలేదు.

2. లువాంగ్వా లోయ

ఆ పద్ధతికి పుట్టినిల్లని చెప్పదగినది నేటి జాంబియా దేశములోని లువాంగ్వా నదీలోయ. ఆ దేశము 1964లో స్వతంత్రమగు వరకు ఉత్తర రొడీషియా యని పిలువబడుచుండెను. అచ్చట నార్మన్ కార్ అను నాతడు అడవిశాఖలో మృగసంరక్షణ చేయుచుండెను. ఈతడు 1912లో పుట్టి 1997లో మరణించెను. 1950లో ఈతడు న్సేఫు అను తెగనాయకునితో కలిసి, చంపుటకు గాక చూచుటకు వచ్చువారి కొఱకు ఒక విడిది నేర్పఱచెను. అచ్చట వచ్చు రాబడిలో ఆ తెగ ప్రజలకు భాగ ముండవలెనని ఏర్పాటు చేసిరి. ఇందులో గొప్ప తలంపు ఇమిడి యున్నది. పైరును త్రొక్కిపోవు ఏనుగు పల్లెవాని కన్నులకు శత్రువు. ఆ ఏనుగు బ్రదికి యుండుటవలన తన యింట దీపము వెలుగునని యెఱిగిన నాడు ఆతడే దానికి కాపరి యగును. 1960 తరువాతి దశకమున నార్మన్ కార్ అదే లోయలో అతిథులను కాలినడకను త్రిప్పు ఆచారమును నెలకొల్పెను.

దక్షిణ లువాంగ్వా 1972లో జాతీయవన మయ్యెను. దాని వైశాల్యము సుమారు 9,050 చదరపు కిలోమీటర్లు. నది వంకరలు తిరిగి పాఱుచు, ఏటేట గట్లు కోసికొని, విడిచిన పాయలను మడుగులుగా చేయును. ఎండకాలమున చిన్న కుంటలు ఇంకిపోగా ఏనుగులు, అడవి దున్నలు, నీటిగుఱ్ఱములు, జింకలు, సింహములు, చిఱుతలు అన్నియు ఆ నది యొడ్డునకే చేరును. ఇంకెక్కడను లేని యొకజాతి జిరాఫీ ఆ లోయలో కలదు. వానకాలమున గడ్డి మనుష్యుని తల మించి పెరుగును. ఎదుట నేమున్నదో కానరాదు. కావుననే అచ్చట కాలినడక సంచారము మిక్కిలిగా జూన్ మొదలు అక్టోబరు వరకు గల ఎండకాలముననే జరుగును.

దక్షిణాఫ్రికాలోని ఉంఫొలోజి అభయారణ్యమున 1959లో ఇట్టి నడకలే మొదలయ్యెను. ఆ వనము 1895లో ఏర్పడినది. నశించిపోవుచుండిన దక్షిణపు తెల్ల ఖడ్గమృగములలో మిగిలిన కొలదిపాటి మందకు అదియే ఆశ్రయ మిచ్చినది. అచ్చట నడకలు ప్రారంభించినవాడు ఇయాన్ ప్లేయర్. ఆతనికి అడవిని చదువుట నేర్పినవాడు జూలూ జాతీయుడగు మాగ్కుబు న్టోంబేలా. మాగ్కుబు పాఠశాలలో చదివినవాడు కాడు. అయినను అడవి విషయమున ప్లేయరునకు ఆయనయే గురువు.

3. ఆ నడక యెట్లు సాగును?

సఫారీ నడకకు కొన్ని నియమములు గలవు. వానిని వట్టి ఆజ్ఞలుగా కంఠపాఠము చేయక, ఒక్కొక్కదానికి గల కారణమును గ్రహింపుడు.

మొదటిది: అందఱును ఒకరి వెనుక నొకరుగా, వరుస తప్పక నడువవలెను. ముందు తుపాకి పట్టిన కావలివాడు, ఆతని వెంట దారి చూపువాడు, తరువాత అతిథులు నడతురు. అతిథుల సంఖ్య సాధారణముగా ఆఱేడుగురను మించదు. ఇట్లు నడచినచో మృగమునకు ఆ వరుస అంతయు ఒక్క ఆకారముగా కానవచ్చును. చెదరి నడచినచో నలుదిక్కుల నుండి చుట్టుముట్టుచున్నట్లు తోచి అది బెదరును. బెదరిన మృగమే ప్రమాదకరము.

రెండవది: మాటలాడరాదు. దారి చూపువాడు చేతి సైగతో ఆగు మన్నచో ఆగవలెను. మనుష్యుడు కంటితో చూడకముందే చెవితో వినదగిన సంగతులు అడవిలో పెక్కు గలవు. దున్నల వీపుమీద వ్రాలి పురుగుల నేరుకొని తిను పక్షులు కొన్ని గలవు. అవి కిచకిచలాడి పైకెగిరినచో పొద వెనుక దున్న యున్నదని తెలియును. మన మాటల సందడిలో ఆ కూత మునిగిపోవును.

మూడవది: గాలి యెటు వీచుచున్నదో ఎఱిగి నడువవలెను. అచ్చటి కావలివారు చిన్న సంచిలో బూడిద పోసికొని, నడుమ నడుమ దానిని విదిలించి చూతురు. గాలి మృగము వైపునుండి మనవైపు వీచినచో మన వాసన దానికి తగులదు.

నాల్గవది: వేకువనే బయలుదేరి, ఎండ ముదరకముందే మరలవలెను. మట్టిరంగు బట్టలు ధరింపవలెను. నీలము, నలుపు రంగులు అచ్చటి ట్సెట్సీ యను కుట్టు ఈగల నాకర్షించును.

అయిదవది యన్నిటికంటె ముఖ్యము: పరుగెత్తరాదు. వెన్ను చూపి పరుగెత్తు ప్రతి ప్రాణిని వేటమృగము తనకు ఆహార మని తలచును.

బండిలో నున్నవారిని లక్ష్యపెట్టని మృగము, నడచువారిని చూచి యేల కలవరపడును? బండి దానికి వాసనయు ఆకారమును వేఱైన యొక వస్తువు. దానివలన తనకు హాని లేదని అనుభవమున నెఱిగినది. రెండుకాళ్ల మనుష్యుడో, తరతరములుగా దానిని తఱిమిన శత్రువు. ప్రతి మృగమునకు ఒక హద్దు కలదు. మనము ఆ హద్దునకు ఆవల నున్నంతసేపు అది మేయుచుండును. హద్దు తాకగానే తలయెత్తి చూచును. దాటినచో పాఱిపోవును, పాఱిపోవ దారి లేనిచో పైబడును. దారి చూపువాని నేర్పు ఆ హద్దును ముందుగా కనిపెట్టుటయందే యున్నది. ఆతని తుపాకి యొక్క గొప్పతనము అది పేలకుండుటలో కలదు.

4. మన శేషాచలము

ఇక మన కొండలకు వత్తము. తూర్పుకనుమల భాగమగు శేషాచల శ్రేణి 2010లో జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటింపబడినది. ఆంధ్రదేశమున అట్టి గౌరవము పొందిన మొదటి అడవి యిదియే. అప్పటి చిత్తూరు, కడప జిల్లాలలో వ్యాపించిన ఆ ప్రాంతపు వైశాల్యము సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. అందు నడిమి భాగమున 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయవనము వైశాల్యము సుమారు 353 చదరపు కిలోమీటర్లు.

ఈ కొండలు భూమి వయస్సును కూడ బోధించును. తిరుమల కేగు కనుమదారిలో, క్రింది నల్లసేనపు రాతి మీద పైనున్న ఇసుకరాతి పొరలు నేరుగా కూర్చుండి యుండుట కాననగును. ఆ రెండింటి నడుమ కోట్లకొలది సంవత్సరముల కాలము లుప్తమై యున్నదని భూగర్భశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కొండమీది శిలాతోరణము ఆ రాతినే గాలియు నీరును తొలిచి తీర్చిన ద్వారము.

ఇచ్చటి ఎఱ్ఱచందనము తూర్పుకనుమల దక్షిణ భాగమున దప్ప లోకమున మఱెక్కడను సహజముగా పెరుగదు. పేరీత యని పిలుచు సైకస్ బెడ్డోమి యను మొక్కయు ఈ కొండలదే. బంగారు వన్నె గల బల్లిని 1870లో బెడ్డోము అను సైనికాధికారి ఈ తిరుపతి కొండలలోనే కని లోకమునకు తెలిపెను. రాత్రులందు గుండ్రని కన్నులతో కొమ్మలపై మెల్లగా ప్రాకు దేవాంగపిల్లి, కణితి, దుప్పి, అడవిపంది, రేచుకుక్క, ఎలుగుబంటి, చిఱుతపులి ఇచ్చట నివసించును. పూర్వము పెద్దపులులును ఉండెడివి. కెన్నెత్ ఆండర్సన్ అను వేటగాడు 1954లో ప్రకటించిన గ్రంథమున చామల లోయలోని మనుష్యభక్షక వ్యాఘ్రమును గూర్చి యొక ప్రకరణము వ్రాసెను. 1980 తరువాత ఏనుగులు దక్షిణపు అడవులనుండి చిత్తూరు ప్రాంతమునకు మరల వచ్చెను. వాని కొఱకు పలమనేరు చెంత కౌండిన్య అభయారణ్యము నేర్పఱచిరి. కొన్ని ఏనుగులు ఉత్తరముగా సాగి శేషాచలపు అడవులను కూడ చేరినవి.

దారి చూపువారితో కూడి నడచు ఆచారము ఈ కొండలకు క్రొత్త కాదు. పాపవినాశనమునకు ఆవల నున్న తుంబురు తీర్థమునకు ఫాల్గుణ పౌర్ణమి నాడు యాత్రికులు గుంపులుగా అడవి నడుమ నడచిపోవుదురు. రాళ్లు, వాగులు దాటి, ఎత్తైన రెండు బండల నడుమ సన్నని సందులో ప్రవేశింపవలెను. అడవిశాఖ వారును దేవస్థానపు వారును కావలి యుందురు. పగలు తప్ప పోనీయరు. వృద్ధులును హృద్రోగులును రావలదని ముందుగానే తెలుపుదురు. ఏటి పొడవున మూసియుండు దారి, నియమిత దినమున, కావలివారి కన్నుల యెదుట తెఱవబడుచున్నది. లువాంగ్వాలో పాటించు సూత్రమును ఇదియే. తలకోన జలపాతము చెంతను అడవిశాఖ పర్యవేక్షణమున సందర్శకులు చెట్లనీడ దారులలో నడచుచున్నారు. సుమారు 270 అడుగుల యెత్తునుండి దుమికెడు ఆ జలపాతమును చూడబోవువారు, అచ్చట పెనుబాములవలె చెట్లనల్లుకొనిన గిల్లతీగను కూడ తప్పక చూడవలెను.

అనుమతి లేనిదే రక్షితారణ్యమున ప్రవేశించుట నేరము. ఎఱ్ఱచందనపు దొంగలవలన ఈ అడవికి కావలి మఱింత కట్టుదిట్టముగా నుండును. కావున ఈ పాఠము చదివి, సెలవునాడు ఇద్దఱు ముగ్గురు మిత్రులు కూడి అడవి చొచ్చెద మనుకొనరాదు.

5. మెట్లదారి

అలిపిరి మార్గమున మెట్లు 3,550. శ్రీవారి మెట్టు మార్గమున 2,388. 1944లో మోటారు రోడ్డు పడునంతవరకు కొండ చేరుటకు కాళ్లును, డోలీలునే గతి. ఇన్ని వందలయేండ్లు జనులు నడచిన దారి గనుక, పైకప్పును దీపములును గలవు గనుక, అది ఊరి వీథివంటిదే యని మనము భ్రమపడుదుము. అయితే దీపపు వెలుతురు పడుచోటికి పదియడుగుల యావల అడవి మొదలగును.

2023 సంవత్సరము ఆ భ్రమను మిక్కిలి కఠినముగా తొలగించెను. ఆ యేడు జూను నెలలో అలిపిరి మార్గమున తనవారి చెంత నున్న చిన్న బాలుని చిఱుత నోట కఱచుకొని పోయెను. జనులు కేకలు వేయుచు వెంటబడగా విడిచిపెట్టెను, బాలుడు బ్రదికెను. ఆగస్టు నెలలో రాత్రివేళ ఆఱేండ్ల బాలిక ఆ దారిలోనే చిఱుతవాత పడి మరణించెను. ఆ కుటుంబపు దుఃఖమును గూర్చి ఈ పుటలో అధికముగా వ్రాయుట తగదు. మన పని దానినుండి ఇతర బాలురను కాపాడుట.

పిమ్మట అధికారులు బోనులుంచి పెక్కు చిఱుతలను పట్టిరి. దారి పొడవున కెమేరాల నమర్చిరి. 15 ఏండ్లలోపు పిల్లలను మధ్యాహ్నము 2 గంటల తరువాత నడకదారిని పోనీయరాదని అప్పుడు నిర్ణయించిరి. యాత్రికులను గుంపులుగా చేసి, కావలివారి తోడుతో పంపిరి. చేతికఱ్ఱలను పంచిరి. ఇట్టి నిబంధనలు కాలమునుబట్టి మారుచుండును. కావున బయలుదేరుటకు ముందు నేటి నిబంధన యేమో తెలిసికొనుట పెద్దల విధి. అయినను వీని వెనుక నున్న బుద్ధి మాఱదు. గుంపు, కావలివాడు, పగటివేళ, చేతిలో కఱ్ఱ: లువాంగ్వాలో అతిథి కావలసికొని స్వీకరించు క్రమశిక్షణమే మనకు ఆపద నేర్పిన క్రమశిక్షణ మైనది.

చిఱుత పిల్లలనే యేల పట్టును? అది కుక్క, మేక, పందిపిల్ల, దుప్పిపిల్ల వంటి చిన్నజంతువులను వేటాడుటకు అలవాటుపడినది. నిలుచున్న పెద్దమనుష్యుని ఆకారము దానికి ఆహారముగా తోచదు. ఒంటరిగా ముందునకు పరుగెత్తిన పిల్లవాడో, దారిప్రక్క కూర్చుండినవాడో, దాని కన్నుల యెత్తున నుండి, తాను ఎఱిగిన యెఱవలె కనబడును. మఱి యది దారిచెంతకేల వచ్చును? మనము పాఱవేసిన తినుబండారముల ఎంగిళ్లకు కుక్కలును పందులును చేరును. వానికొఱకు చిఱుత వచ్చును. అరటితొక్కను మెట్ల ప్రక్క విసరిన చేయి తానెఱుగకుండనే చిఱుతకు విస్తరి వేయుచున్నది. ఈ కార్యకారణముల గొలుసును విద్యార్థులు బాగుగా గుర్తుంచుకొనవలెను.

చిఱుతల నన్నిటిని పట్టివేసినచో చాలదా యని కొందఱడుగుదురు. ఒక చిఱుతను తొలగించినచో ఖాళీయైన ఆ చోటికి మఱియొక చిఱుత వచ్చి చేరును. పైగా దుప్పులను పందులను మితిలో నుంచునది ఆ మృగమే. కావున పట్టుట ఒక్కొక్కప్పుడు తప్పనిసరి యైనను, అది యొక్కటియే మందు కాజాలదు. మన నడవడియే సగము మందు.

6. అడవి వ్రాతను చదువుట

ఉదయకాలమున మట్టిదారి యొక పుస్తకపు పుట. రాత్రి నడచినవారందఱును దానిమీద సంతకము చేసియుందురు.

చిఱుత అడుగు సుమారు మూడంగుళముల వెడల్పు గలది. నాలుగు వ్రేళ్ల గుర్తులును, వెనుక మూడు పాయల మెత్తయు కానవచ్చును, గోళ్లు కానరావు. పిల్లిజాతి నడచునపుడు గోళ్లను లోనికి ముడుచుకొనును. కుక్క, నక్క, రేచుకుక్కల అడుగులలో గోళ్ల మొనలు స్పష్టముగా పడును. ఎలుగు అడుగున అయిదు వ్రేళ్లు దాదాపు ఒక వరుసలో నుండి, వానికి ముందు పొడవైన గోళ్ల గీతలుండును. ఏనుగు ముందుకాలి అడుగు చుట్టుకొలతను రెండింతలు చేసినచో భుజమువద్ద దాని యెత్తు వచ్చును. చుట్టుకొలత 135 సెంటీమీటర్లయినచో ఏనుగు ఎత్తు సుమారు 270 సెంటీమీటర్లు. చూడని ఏనుగును నూలుత్రాటితో కొలచు గణితమిది!

చెవికిని పాఠము గలదు. కణితి గంట కొట్టినట్లు ఒక్కొక్క కూత కూసినను, దుప్పి కీచుమన్నను, కొండముచ్చు చెట్టుకొననుండి ఖాఖా యని దగ్గినట్లఱచినను, నెమలి అకాలమున కూసినను, సమీపమున వేటమృగము కదలుచున్న దని యెఱుగవలెను. అడవి తన కావలివారికి జీతము లేకయే కావలి కాయించుకొనుచున్నది.

7. ఎదురుపడినచో నేమి చేయవలెను?

ఇచ్చట ఆఫ్రికా నియమమునకును మన మెట్లదారి నియమమునకును ఒక భేదము గుర్తింపవలెను. లువాంగ్వాలో మౌనము నియమము. ఏలయన వారు మృగములను చూడబోవుచున్నారు, ముందు తుపాకి గల నిపుణుడున్నాడు. మెట్లదారిని పోవువారు మృగములను చూడబోవుట లేదు. కావున వారు గుంపుగా, మాటలాడుచు నడచుటయే మేలు. ముఖ్యముగా ఎలుగుబంటికి చూపు తక్కువ. మనుష్యుని రాక తెలియక మిక్కిలి చేరువలో హఠాత్తుగా ఎదురుపడినపుడే అది పైబడును. దూరమునుండి మాటలు వినబడినచో తానే తొలగిపోవును. నియమములను గ్రుడ్డిగా అనుకరింపరాదు. కారణము నెఱిగి చోటునకు తగినట్లు మార్చుకొనవలెను.

చిఱుత కంటబడినచో పరుగెత్తకుడు, వంగకుడు, కూర్చుండకుడు. చిన్నపిల్లలను వెంటనే ఎత్తుకొనుడు, లేదా గుంపు నడుమకు తెండు. నిటారుగా నిలిచి, చేతులెత్తి, కఱ్ఱ పైకెత్తి, గట్టిగా కేకలు వేయుడు. దానివైపు చూచుచునే మెల్లగా వెనుకకు నడువుడు. దానికి తప్పుకొను దారి విడువుడు. ఏనుగు కనబడినచో చూచుటకై నిలువక, ఛాయాచిత్రము తీయబోక, దూరముగా మరలిపోవుడు. వెంటనే కావలివారికి తెలుపుడు. నడకదారిని పిల్లలు ఎల్లప్పుడును పెద్దల చేతికందు దూరముననే నడువవలెను. మెట్లు ఎవరు ముందెక్కుదురో యని పందెములు వేయుట సాయంకాలమున ఎంతమాత్రమును తగదు.

8. దారి చూపువారు

పుస్తకము చదివినవాడు అడవిని చదువలేకపోవచ్చును. అడవిని చదివినవాడు పుస్తకమును చూచి యుండకపోవచ్చును. ఇద్దఱును కలిసినపుడు ఏమి జరుగునో మన ప్రాంతపు చరిత్రమే చెప్పుచున్నది.

కలివికోడి యను పక్షిని 1848లో జెర్డాన్ అను వైద్యుడు లోకమునకు తెలిపెను. 1900 తరువాత అది యెవ్వరికిని కానరాలేదు. అంతరించిన దనియే శాస్త్రజ్ఞులు తలంచిరి. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు కడప జిల్లాలో ఊరూర దాని బొమ్మను చూపి విచారించుచు వచ్చిరి. 1986 జనవరిలో రెడ్డిపల్లె ప్రాంతమున ఐతన్న యను పల్లెవాసి ఆ పక్షిని రాత్రివేళ పట్టి తెచ్చెను. 86 సంవత్సరములు లోకము చనిపోయినదని యెంచిన పక్షి, ఆ ముళ్లపొదల నడుమ తిరుగు మనుష్యునికి తెలిసినదే! తరువాత దానికొఱకు లంకమల అభయారణ్య మేర్పడెను. పిమ్మటి పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టిని పఱచి, తెల్లవాఱిన తరువాత దానిపై పడిన అడుగుజాడలనుబట్టి పక్షి యునికిని కనుగొనిరి. చూడుడు, మన యాఱవ భాగపు పాఠమే అచ్చట శాస్త్రమైనది.

నల్లమలలో చెంచులు అడవిశాఖవారి రక్షణ శిబిరములలో కావలివారుగా పనిచేయుచు, పులుల జాడల నెఱిగించుచున్నారు. మన ప్రాంతపు యానాదులు మూలికలను, తేనెపట్టులను, పాముపుట్టలను ఎఱుగుటలో ప్రసిద్ధులు. ఆఫ్రికాలో తేనె జాడ చూపు పక్షి యొకటి కలదు. అది మనుష్యుని పిలిచి, కొమ్మనుండి కొమ్మకు ఎగురుచు తేనెపట్టునకు దారి చూపును. మనుష్యుడు పొగబెట్టి తేనె తీసికొనగా మిగిలిన మైనమును అది తినును. ఆ పక్షికి వాటా విడుచుట అచ్చటి వేటగాండ్ర మర్యాద. అడవి నెఱిగిన మనుష్యులకు మనము విడుచుచున్న వాటా యేది? పట్టణమునుండి వచ్చు సందర్శకుడు ఇచ్చు రుసుములో దారి చూపిన యానాదికి, చెంచుకు న్యాయమైన కూలియు, మర్యాదయు చేరుచున్నవా? న్సేఫు తెగవారికి 1950లో ఏర్పాటైన భాగము ఇదియే. మీలో కొందఱు రేపు అడవిశాఖలోనో, యాత్రికుల యేర్పాట్లలోనో ఉద్యోగులగుదురు. ఆనాడు ఈ ప్రశ్న మీ బల్లమీదికి వచ్చును.

అభ్యాసము

1. సఫారీ, సఫర్ అను మాటల సంబంధమును తెలుపుము. ఇట్లు ఇతర భాషలనుండి వచ్చిన మఱి మూడు మాటలను వ్రాయుము.

2. లువాంగ్వాలో మౌనమును, మెట్లదారిలో మాటలును ఏల మేలు? కారణములతో విశదీకరింపుము.

3. ఏనుగు ముందుకాలి చుట్టుకొలత 120 సెంటీమీటర్లయినచో దాని యెత్తెంత?

4. పాఠశాల తోటలో మెత్తని మట్టిని రెండుగజముల పొడవున చదునుచేసి, సాయంకాలమున నీరు చిలుకరింపుము. మఱునాటి ఉదయమున దానిపై నున్న అడుగుజాడలను కొలిచి, పటము గీసి, గోళ్లు గలవియు లేనివియు వేఱుచేయుము. వారముదినములు ఇట్లు చేసి పట్టిక వ్రాయుము.

5. మీ యింటివారు మెట్లదారిని కొండకు పోవుచున్నారనుకొనుము. బయలుదేరు వేళ, నడచు వరుస, పిల్లల చోటు, వెంట కొనిపోవలసినవి, ఎంగిళ్లను ఏమి చేయవలెనో నిర్ణయించి పది పంక్తులలో వ్రాసి, ఇంట పెద్దలకు చదివి వినిపింపుము.